నా ముల్లు 150 దగ్గర ఆగింది

ఖాళీగా వేలాడుతున్నప్పుడు నా ముల్లు సున్నా మీద ఉండాలి. ఇప్పుడు 150 గ్రాముల మీద ఉంది. కొక్కేనికి ఏమీ లేకపోయినా ఏదో మోస్తున్నట్టే కనిపిస్తాను.

నేను బడిలో వాడే స్ప్రింగు త్రాసుని. ప్రయోగశాలల సామానుకు పేరుపడ్డ అంబాలాలో, హర్యానాలో పుట్టాను. ఒక రేకు, దాని వెనక ఉక్కు స్ప్రింగు, పైన రింగు, కింద కొక్కెం. అంతే నా ఒళ్ళు. రేకుకి ఒక పక్క 1 కిలో దాకా గీతలు, రెండో పక్క 10 న్యూటన్ల దాకా గీతలు. లారీ ఎక్కి వచ్చి, కాలువగట్టు పక్కనున్న ఒక హైస్కూల్లో దిగాను.

ఆ బడిలో నన్ను మొదట చేతిలోకి తీసుకున్న సైన్సు మాస్టారంటే నాకు ప్రాణం. జూన్‌లో బడి తెరవగానే తొమ్మిదో తరగతికి ఆయన కొత్త పాఠం మొదలుపెట్టేవారు కాదు. వారం రోజులు పాత పాఠాలే తిరగేయించేవారు, అదీ పుస్తకం తెరవకుండా. బల్లమీద నేను, ఒక నల్లరాయి, చెక్కదిమ్మె, బకెట్టు నీళ్ళు.

"నీ బరువెంతమ్మా?" అని ముందు వరసలో పిల్లనడిగేవారు. "35 కిలోలండీ" అనేది. "అది నీ ద్రవ్యరాశి. నీలో ఉన్న పదార్థమెంతో చెబుతుంది. నిన్ను భూమి ఎంత బలంతో లాగుతోందో అది నీ భారం, దాన్ని న్యూటన్లలో చెప్పాలి" అంటూ నన్ను పైకెత్తి చూపించేవారు. పళ్ళాల త్రాసు రెండు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి పోలుస్తుంది. దాన్ని చంద్రుడి మీదికి తీసుకెళ్ళినా కిలో కిలోయే. నేను అలా కాదు, లాగిన లాగుడునే చెబుతాను. ఇక్కడ 9.8 న్యూటన్లు చూపే కిలో దిమ్మె చంద్రుడి మీద నాకు 1.6 న్యూటన్లే. అంత దూరం ఎందుకు, భూమధ్యరేఖ దగ్గర కిలో చూపించిన దిమ్మె ధ్రువం దగ్గర 5 గ్రాములు ఎక్కువ తూగుతుంది. నా మీదున్న కిలోల గీతలు భూమిని నమ్ముకుని గీసినవి. న్యూటన్ల గీతలే నా సొంతం.

చెక్కదిమ్మెను నాకు తగిలించి సిమెంటు గచ్చు మీద లాగించేవారు. ముల్లు 2 దాటుతుంది, 3 దాకా వస్తుంది, దిమ్మె కదలదు. ఒక్కసారి కదిలిందంటే ముల్లు రెండున్నరకు దిగుతుంది. కదలని వస్తువును కదిలించడానికే ఎక్కువ బలం కావాలని పిల్లల చేతికే తెలిసేది. ఘర్షణ అన్న మాట ఆ తరవాతే బోర్డు మీదికెక్కేది.

ఒక ఏడాది ఆయన నన్ను మేడమెట్ల మీదికి తీసుకెళ్ళారు. కింద నలుగురు పిల్లలు దుప్పటి సాగదీసి పట్టుకున్నారు. కొక్కేనికి రాయి తగిలించి వదిలేశారు. పడుతున్నంతసేపూ నా ముల్లు సున్నా మీదే ఉంది. భూమి నన్ను లాగుతూనే ఉంది, రాయినీ లాగుతూనే ఉంది, కానీ ఇద్దరం కలిసి పడుతుంటే ఆ రాయి నన్ను సాగదీయలేదు. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే వ్యోమగాములు తేలేదీ ఇందుకే. అక్కడ కూడా భూమి ఆకర్షణ ఇక్కడి దాంట్లో పదింట తొమ్మిది వంతులుంటుంది. వాళ్ళూ పడుతూనే ఉన్నారు.

అన్నిటికంటే నాకిష్టమైనది నీళ్ళ ప్రయోగం. నల్లరాయి గాలిలో 540 గ్రాములు. మెల్లగా నీళ్ళలోకి దించుతుంటే ముల్లు పైకి పాకి, రాయి పూర్తిగా మునిగేసరికి 340 దగ్గర ఆగేది. "మిగతా 200 ఎక్కడికి పోయింది?" అనేవారు. నిండు గిన్నెలోంచి పొర్లిన నీళ్ళు తూచి చూస్తే సరిగ్గా 200. ఆర్కిమిడీస్ కనిపెట్టింది అదే. నీళ్ళలో ఉప్పు కలిపితే ముల్లు ఇంకాస్త పైకెక్కేది. అప్పుడు పిల్లలు ఊపిరి బిగబట్టడం నాకు వినిపించేది.

ఆయన బదిలీ అయి వెళ్ళిపోయారు.

తరవాత నన్నెవరూ అడగలేదు. రికార్డు పుస్తకాల్లో మాత్రం నా పేరుండేది. రాయి గాలిలో ఇంత, నీళ్ళలో ఇంత అని గైడు చూసి అంకెలు దించేవారు. ఆ రాయిని గుమ్మం తలుపుకి అడ్డంగా పెట్టేశారు.

ఒక వేసవిలో బీరువా ఖాళీ చేస్తూ పాత కాగితాలు అమ్మారు. కాటా కనబడలేదు. తాళ్ళు కట్టిన నాలుగైదు కిలోల కట్టలు నాకు తగిలించారు. నా హద్దు 1 కిలో అని నా ముఖం మీదే రాసి ఉంది.

ఎంత బలంతో లాగితే అంత సాగుతానన్న నియమం రాబర్ట్ హుక్‌ది. 1676లో అక్షరాలు కలిపేసి పొడుపుకథలా దాచి, 1678లో విప్పి చెప్పాడు. కానీ ప్రతి స్ప్రింగుకీ ఒక అవధి ఉంటుంది. అది దాటనంతవరకు ఎంత సాగినా వెనక్కి వస్తాం. దాటితే లోపలి లోహం పొరలు జరిగిపోతాయి, మళ్ళీ సర్దుకోవు. ఆ రోజు ముల్లును ఆపే చిన్న రేకు వంగింది. స్ప్రింగు ఇంకా కిందికి జారింది. కట్టలు తీసేశాక వెనక్కి రావాలని ప్రయత్నించాను. 150 దగ్గరే ఆగిపోయాను.

ఆ తరవాత "తప్పు చూపిస్తోంది" అన్నారు. ఏటా స్టాకు రిజిస్టరు పట్టుకుని ఎవరో వచ్చి, బీరువా తలుపు సందులోంచి చూసి, "స్ప్రింగు త్రాసు, 1" దగ్గర టిక్కు పెట్టి వెళ్ళేవారు. ఈ ఏడు నా ఎదురుగా "నిరుపయోగం" అని రాశారు. మేకుకు తగిలించి మూల గదిలో వదిలేశారు. విరిగిన గ్లోబు, అద్దం పగిలిన సూక్ష్మదర్శిని, నేను.

ఎక్కడి నుంచి మొదలవుతున్నానో ఎవరూ చూడలేదు. ఇలా సున్నా దగ్గర మొదలవకపోవడాన్నే శూన్యాంశ దోషం అంటారు. చూపిన దాంట్లోంచి 150 తీసేస్తే చాలు. గీతకు గీత, గ్రాముకు గ్రాము, నా సాగుడు ఇంకా మారలేదు. గుమ్మం దగ్గరి నల్లరాయిని ఇప్పుడు తగిలిస్తే 690 చూపిస్తాను. నీళ్ళలో ముంచితే 490. తేడా ఈ రోజుకీ 200.