హెడ్‌లైటుకు పళ్లు తోముదాం రండి

మన ఇళ్లలో టూత్‌పేస్టు చేసినంత చాకిరీ ఇంకెవరూ చెయ్యరు. చెయ్యి కాలితే పేస్టు. మొటిమ లేస్తే పేస్టు. వెండి పట్టీలు నల్లబడితే పేస్టు. సీడీల కాలంలో పాట మధ్యలో ఆగిపోతే దానికీ పేస్టే. ఇన్ని పనుల మధ్య తీరిక చిక్కితే పళ్లు కూడా తోముతుంది. ఇప్పుడు దానికి ప్రమోషన్ వచ్చింది. కారు హెడ్‌లైట్లు పసుపెక్కి మసకబారితే, పది రూపాయల పేస్టుతో పది నిమిషాల్లో షోరూము మెరుపు తెప్పిస్తామని ఫోన్లో ప్రతి రెండో మనిషీ ప్రమాణం చేస్తున్నాడు.

ఆదివారం పొద్దున ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోకైనా దిగి చూడండి. లుంగీ ఎగ్గట్టిన పెద్దమనిషి ఒకరు బంపరు ముందు గొంతుక్కూర్చుని ఉంటారు. ఎడమ చేతిలో ట్యూబు, కుడి చేతిలో రిటైరైన బ్రష్షు. ముందు ఒక్క లైటుకే పూస్తారు, రెండోదాన్ని సాక్ష్యానికి అలాగే ఉంచుతారు. గుండ్రంగా రుద్దాలా, అడ్డంగా రుద్దాలా అని వాచ్‌మన్‌తో ఒక చర్చ. తెల్ల పేస్టు మేలా, జెల్లు మేలా అని ఎదురు ఫ్లాటాయనతో ఇంకో చర్చ. ఈలోగా పైనుంచి కేక: "ఏవండీ, పేస్టెక్కడ పెట్టారు? పిల్లాడు బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు!" ఆయనకు వినపడదు. పసుప్పచ్చ నురగ కారుతుంటే, "చూశావా, ఎంత మురికి వస్తోందో!" అని మురిసిపోతుంటారు. చెంబెడు నీళ్లు కొడతారు. లైటు తళతళలాడుతుంది. ఆ క్షణంలోనే ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులోకి వదులుతారు.

ఎప్పుడైనా గమనించారా? ఆ ఫొటో ఎప్పుడూ తడి మీదే తీస్తారు.

కిటుకంతా అక్కడే ఉంది. మసకబారిన లైటు మీద కంటికి ఆనని గీతలు, గుంటలు లెక్కలేనన్ని. వాటిలో గాలి ఉన్నంతసేపూ కాంతి చెల్లాచెదురవుతుంది. నీళ్లు చేరితే గుంటలు పూడి కాంతి కాస్త తిన్నగా పోతుంది. లైటు తయారయ్యే పాలికార్బనేటు ప్లాస్టిక్ వక్రీభవన గుణకం 1.58, గాలిది 1, నీటిది 1.33; తేడా తగ్గేకొద్దీ చెదరడం తగ్గుతుంది. టెన్త్ పాఠం, కొత్త శాస్త్రమేం కాదు. ఉత్త నీళ్లు చల్లి ఫొటో తీసినా మెరుపు చాలావరకు వచ్చేస్తుంది. కాకపోతే "నీళ్లతో హెడ్‌లైటు తడపడం ఎలా" అని వీడియో పెడితే ఎవరూ చూడరు. కొబ్బరినూనె వర్గం వాళ్లు ఇంకో మెట్టు పైనున్నారు. నూనెది సుమారు 1.45, పైగా నీళ్లలా ఆరిపోదు. అందుకని రెండు రోజులు మెరుస్తుంది. ఆ రెండు రోజుల్లోనే దారిలో ఉన్న దుమ్మంతా వచ్చి దానికి అతుక్కుంటుంది.

అసలు ఆ కారిన పసుపు మురికి కాదు. పాత అంబాసిడర్‌కి గుండ్రటి గాజు లైట్లుండేవి. రాయి తగిలితే పగిలేవేమో గానీ పసుపెక్కేవి కావు. అమెరికాలో 1983లో నిబంధన సడలించి ప్లాస్టిక్ లైట్లకు దారిచ్చారు. 1984 మోడల్ లింకన్ మార్క్ సెవెన్ వాటితో రోడ్డెక్కింది. తర్వాత అందరిదీ అదే బాట. బరువు తక్కువ, రాయికి ఓ పట్టాన పగలదు, ఏ వంకర ఆకారంలో కావాలంటే ఆ ఆకారంలో పోత పోయొచ్చు. పాలికార్బనేటుకు ఉన్న జబ్బులు రెండు. తేలిగ్గా గీతలు పడతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కుతుంది. అందుకే ఫ్యాక్టరీలోనే వెంట్రుక కంటే పలచని గట్టి పూత ఒకటి వేసి పంపిస్తారు. రెంటచింతల ఎండలోనో రామగుండం ఎండలోనో ఏళ్లతరబడి నిలబెడితే ఆ పూత పెచ్చులూడుతుంది, కింది ప్లాస్టిక్ కాలడం మొదలవుతుంది. అంటే మీరు రుద్దుతున్నది కాలిన చర్మాన్ని. కాలినచోట పేస్టు రాయడం మనకు వంశపారంపర్యం కాబట్టి ఈ విషయంలో ఆ పెద్దమనిషిని తప్పుపట్టలేం.

పేస్టు బొత్తిగా పనిచెయ్యదని అనడంలేదు. పళ్ల గార గోకడానికి అందులో సున్నపురాయి పొడి జాతిదో, సిలికాదో సన్నటి పొడి ఉంటుంది. అది పైపొరను కాస్త గీకుతుంది. గీకుతూ గీకుతూ, మిగిలి ఉన్న కాస్త పూతనూ ఊడ్చుకుపోతుంది. ఇక కింది ప్లాస్టిక్ ఎండకు నగ్నంగా నిలబడుతుంది. కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు, మళ్లీ పసుపు. మళ్లీ పేస్టు. లైటు లోపలివైపు ఆవిరి పట్టిన సందర్భాల్లో సైతం బయట రుద్దే మహానుభావులున్నారు, వాళ్లకో నమస్కారం.

పేస్టుతో ఆగితే బాగుండేది. దోమల స్ప్రే కొట్టి తుడిస్తే అద్దంలా అవుతుందంటున్నారు. అవుతుంది. అందులో డీట్ అనే రసాయనం ఉంటే అది ప్లాస్టిక్‌ను పైపైన కరిగించి చదును చేస్తుంది, మసక పోయినట్టు కనపడుతుంది, ఆ మెత్తబడ్డ ప్లాస్టిక్ తర్వాత పగుళ్లిస్తుంది. తాజా విద్య ఆవిరి పట్టడం. కరెంటు కప్పులో ద్రావకం వేడిచేసి ఆ పొగను లైటుకు పడతారు. కొన్నిట్లో ఉండేది డైక్లోరోమీథేన్. పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడుగా మారే సరుకు. దాన్ని గాలాడని సెల్లారులో, మాస్కయినా లేకుండా, పక్కన పిల్లల్ని నిలబెట్టుకుని చేసి చూపిస్తున్నారు. దీని ముందు పేస్టు పరమ సాధువు.

ఇంట్లోనే చేసుకోవాలంటే దారి లేకపోలేదు. ఏ టింకరింగ్ షెడ్డులోని పెయింటర్నయినా అడగండి. చుట్టూ టేపు వేసి, తడిపి, 800 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 1500, 2000, 3000 దాకా వెళ్లాలి. ఒక్కో నంబరూ అంతకు ముందుదాని గీతలను చెరిపెయ్యాలి. మొదటి పేపర్ తర్వాత లైటు పాలగ్లాసులా తెల్లబడి ఇంకా అధ్వానంగా కనపడుతుంది. ఇంటి మేస్త్రీలు సగంమంది అక్కడే బెదిరి పేపర్ పారేస్తారు. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్. ఆఖర్న, ఎండను ఆపే క్లియర్ కోటు. ఈ ఆఖరి మెట్టే అసలు పని, ముందు చేసిందంతా దానికి ఏర్పాటు. వీడియోల్లో సరిగ్గా ఈ మెట్టే ఉండదు. డబ్బు ఖర్చవుతుంది, పైగా కెమెరాకు కనపడదు.

అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2018లో కొలిచి చెప్పింది: మసకబారిన లైట్లిచ్చే వెలుగు, కొత్తవాటితో పోలిస్తే ఐదోవంతే. సరిగ్గా పాలిష్ చేస్తే డెబ్బై శాతం దాకా తిరిగొచ్చింది. మనవాళ్లు ఆ పోయిన వెలుగుకు వేరే పరిష్కారం కనిపెట్టారు. అదే మసక లైటులో రెట్టింపు పవరున్న ఎల్‌ఈడీ బల్బు బిగిస్తారు. గీతల్లో పడి చెదిరిన ఆ తెల్లటి వెలుగు, తన రోడ్డు మీద తప్ప, విజయవాడ హైవేలో ఎదురొచ్చే ప్రతి డ్రైవరు కళ్లలోనూ పడుతుంది.

ఈ పేస్టు విద్య నిజంగా కలిసొచ్చేది ఒక్కరికే, సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాడికి. ఆయనకు మెరుపు ఏడాది అక్కర్లేదు. కాగితాల మీద సంతకం పడేదాకా నిలబడితే చాలు. కొనేవాడు చూస్తే బానెట్టెత్తి ఆయిలు వాసన చూస్తాడు, టైరును రెండు తన్నులు తంతాడు, నాలుగు డోర్లూ ధనధనా వేసి చూస్తాడు. లైట్లు వెలిగితే చాలనుకుంటాడు. ఈసారి వెళ్లినప్పుడు మాత్రం జేబులో పొడిగుడ్డ పెట్టుకెళ్లండి. లైటు తుడిచి, ఆ గుడ్డను ఓసారి ముక్కు దగ్గర పెట్టి చూడండి. పుదీనా వాసనొస్తే ఇంకో పదివేలు తగ్గించమనండి.