సుఖప్రయాణమునకు కఠినోపాయములు

పాత స్పోర్ట్సు కారును కొన్న మహనీయునకు దాని వెంట ఉచితముగా ఒక విశ్వాసము సంక్రమించును. కారును నిర్మించిన వారికంటె దానిని గూర్చి తనకే ఎక్కువ తెలియునన్నదే ఆ విశ్వాసము. తత్ఫలితముగా నడుము పట్టినపుడు, పట్టిన నడుమునకు మందుగా మరికొంత ఇనుమును తెప్పించి కారు క్రింద బిగించుకొనుట లోకాచారమైనది.

ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్‌షైరునందు, మా పొరుగు పెద్దమనిషికొక ఎం.జి.బి. కారు కలదు. అది పుట్టిన అబింగ్‌డన్ పట్టణము మాకు ఎంతో దూరము కాదు. 1962 మొదలు 1980 వరకు ఆ ఊరి కర్మాగారము నుండి ఈ రకపు కార్లు 5 లక్షలకు పైబడి వెలువడి, అందు పెద్దభాగము అమెరికాకు ఓడలెక్కినవి. అన్ని లక్షలమంది ఎముకలు చెదరకుండ కూర్చుండి తిరిగిన వాహనమిది యని ఆయన ఎన్నడును తలపోసినట్లు కనబడదు. ప్రయాణము మెత్తబడవలెనని సంకల్పము చెప్పుకొని, రెండు శీతకాలములు గరాజులో తపస్సు చేసెను.

ఆ తపస్సు తీరు వర్ణింపదగినది. ఎం.జి.బి. వెనుక ఇరుసు, ఎడ్లబండి ఇరుసువలెనే, ఈ చక్రము నుండి ఆ చక్రము వరకు ఒకే దూలమై, మన లారీల క్రింద కనబడు కమాను కట్టల వంటివాని మీద ఆనుకొని యుండును. ముందు వైపున చుట్టల స్ప్రింగులు. నాలుగు మూలలను ఊపు నణచుటకు లీవరు షాకులు, అనగా ఇనుప డబ్బీలో నూనె, నూనెలో పిస్టను, పిస్టనును కదుపుటకు వెలుపలికి చాచిన ఒక చేయి. డబ్బీ నెత్తిన బిరడా కలదు. దానిని విప్పి, తగ్గిన నూనెను నింపి, కారుచున్నచో బాగుచేయించినయెడల రోగము సగము కుదురును. మావాడు ఆ బిరడాను ముట్టలేదు. నూనె పోయుట పనివాని పని, మార్చివేయుట పండితుని పని గదా! అవి పురాతనములని తీర్మానించి, పందెపు కార్లకు తగినంత బిగువైన టెలిస్కోపిక్ షాకులను తెప్పించెను. తీరా చూడగా ముందు చక్రములకడ ఆ లీవరు చేయియే చక్రమును పైనుండి పట్టి నిలుపు అంగము. ఊడబెరికినచో చక్రమే నిలువదు. కావున పాతదానిని ఉన్నచోటనే ఉంచి, కొత్తదానిని ప్రక్కన తగిలింపవలసి వచ్చెను. పురాతనమునకే పైచేయి యైనది.

పిమ్మట ఇనుప కీళ్ల నడుమ నుండు రబ్బరు బుష్‌ల వంతు. అవి మెత్తనివి గనుక త్వరగా పాడగునని, వానిని తీసివేసి, గట్టివైన పాలీయూరితేను బుష్‌లను దిగగొట్టెను. మెత్తదనమే వాని ఉద్యోగము గదా, గట్టివానితో సుఖమెట్లు కలుగునని అడిగితిని. "స్థిరత్వము" అనెను. స్థిరత్వమే కావలసినవాడు ఇంటి అరుగుమీద కూర్చుండవచ్చును. దానికి పెట్రోలు కూడ అక్కరలేదు.

అన్నిటికంటె టైర్ల కథ వినదగినది. 14 అంగుళముల చక్రమునకు 165 మిల్లీమీటర్ల టైరు తొడిగినపుడు, దాని ప్రక్కగోడ ఎత్తు సుమారు 132 మిల్లీమీటర్లు. రోడ్డు గుంతలో పడిన దెబ్బను మొట్టమొదట మింగునది ఆ గాలిమెత్తయే. మావాడు అందము కొరకు 16 అంగుళముల చక్రములెక్కించి, 88 మిల్లీమీటర్ల ప్రక్కగోడ గల టైర్లు వేయించెను. ఉన్న మెత్తలో మూడవవంతు దానమైపోయినది. ముందు 21, వెనుక 24 పౌండ్ల గాలి చాలునని కారుతో వచ్చిన పుస్తకము చెప్పుచుండగా, అన్ని కార్లకును పట్టించినట్లే దీనికిని 32 పట్టించెను. గోటితో పోవుదానికి గొడ్డలి అందురు. ఈయన గోరును గొడ్డలితో నరికి, గోరంతటి ఉపాయము లేదని విచారించుచుండెను.

టెలిస్కోపిక్ షాకులన్నియు దుష్టములని నా వాదము కాదు. మెత్తనివి ఏరి వేసుకొన్నవారు సుఖపడిరి. బిగువే వేగమునకు లక్షణమనువారు మాత్రము, ఎం.జి.బి. పుట్టిన 1962లోనే వచ్చిన లోటస్ ఎలాన్ అను స్పోర్ట్సు కారును ఒకసారి తలచుకొందురు గాక. లోటస్ సంస్థాపకుడు కోలిన్ చాప్‌మన్ దానికి అమర్చినవి మెత్తని స్ప్రింగులే. మలుపులలో దానికి సాటి వచ్చినవి నేటికిని అరుదు.

తపస్సు ఫలించిన ఆదివారమున నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని బయలుదేరెను. ఫ్లాస్కులోని టీని మూతలో పోసుకొన్నాను. మొదటి గతుకునకు సగము, రెండవదానికి శేషము నా చొక్కామీదికి వచ్చెను. క్రింద సీటును మోయు రబ్బరు పట్టీలు సాగి వ్రేలాడుచుండుటచే, ప్రతి కుదుపునకు నా వెన్నెముక నేలతో ముఖాముఖి మాటలాడుచుండెను. రెండు శీతకాలములలో ఆ పట్టీలు ఆయన కంటబడలేదు. కారు క్రింద పడుకొన్నవానికి సీటు కనబడునా?

దిగిన పిమ్మట, పాత సామగ్రినే తిరిగి బిగింపరాదా యని మెల్లగా అంటిని. ఆయన ముఖము కొంత చిన్నబోయెను. అదే వీధిలో ఎం.జి.బి. గల మరియొక వృద్ధుడున్నాడు. ఏటికొకసారి బిరడాలు విప్పి నూనె చూచుకొనుట తప్ప ఆయనకు వేరు విద్య తెలియదు. మావాడు తన చక్రములను, బుష్‌లను, వెనుక లీవరు షాకులను చెత్త సామాను క్రింద జమకట్టి ఆయనకే అమ్మివేసెనట. వృద్ధుడు వానిని శుభ్రముగా తుడిచి, నూనె పట్టించి, అటకమీద భద్రపరచి యున్నాడు. ధర అప్పటికి మూడింతలు చెప్పినాడట. బేరము ఇంకను సాగుచున్నది.