పాత క్లాసిక్‌ని మళ్ళీ తీయడం ఎలా? దిల్‌సుఖ్‌నగర్ తమ్ముళ్ళకు చిట్కాలు

పాత క్లాసిక్‌ని మళ్ళీ తీయొచ్చా అని అడక్కు తమ్ముడూ. తీయాలి. కొత్త కథ అంటే నెలల తరబడి కూచోవాలి, రాయాలి, చించాలి, మళ్ళీ రాయాలి. పాత సినిమాకి ఆ చాకిరీ అంతా ఎవరో అరవై ఏళ్ళ కిందటే చేసిపెట్టారు. చైతన్యపురి హాస్టల్లో గ్రూప్-2 కోచింగ్ పేరు చెప్పి, లోపల మాత్రం డైరెక్టర్ కావాలని కలలు కనే నీలాంటి వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నీ కష్టం నాకు తెలుసు. అది ఇంకా తగ్గాలన్నదే నా తాపత్రయం.

1. నిర్మాతని ఎల్బీనగర్‌లో పట్టు. ఫిల్మ్‌నగర్ వెళ్ళకు, అక్కడ లెక్కలు అడుగుతారు. విజయవాడ హైవే మీద వెంచర్లు వేసి నాలుగు డబ్బులు చూసిన అన్నలు ఎల్బీనగర్ చుట్టుపక్కలే దొరుకుతారు. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళు. అన్న బిర్యానీ తిని లోపల కునుకు తీస్తుంటాడు. హాల్లో వాళ్ళ నాయన టీవీలో పాత సినిమా చూస్తుంటాడు. ఆయన పక్కన నేల మీద చతికిలబడు. మాయాబజార్ వస్తోందనుకో. మాయా శశిరేఖగా సావిత్రి ఘటోత్కచుడిలా కళ్ళెర్రజేసి, పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంది. రేలంగి విలవిల్లాడతాడు. పెద్దాయన పడీపడీ నవ్వుతాడు. నువ్వూ నవ్వు, కళ్ళు తుడుచుకో. అన్న లేచి రాగానే "అన్నా, బాపు నవ్విన ఈ నవ్వు మన పిల్లలు కూడా నవ్వాలన్నా" అను. "తియ్యి బిడ్డా, తియ్యి" అని పెద్దాయనే అంటాడు. తండ్రి మాటిచ్చాక బడ్జెట్ ఎంతని అడగడానికి కొడుక్కి నోరు రాదు.

2. "క్లాసిక్‌ని ముట్టుకోవద్దు" అనేవాళ్ళకి చరిత్ర చెప్పు. 1957లో మాయాబజార్ రాకముందే, 1936లో అదే కథ శశిరేఖా పరిణయంగా వచ్చింది. సి. పుల్లయ్య 1934లో లవకుశ తీశారు. 1963లో ఆయనా, కొడుకు సి.ఎస్. రావూ కలిసి దాన్నే రంగుల్లో మళ్ళీ తీశారు. 1962 నాటి గుండమ్మ కథ కన్నడ సినిమా నుంచి వచ్చింది. అంతే, ఇక్కడితో నోరు కట్టేసుకో. పాండవుల్ని ఒక్కసారి కూడా తెర మీదకి తేకుండా వాళ్ళింటి పెళ్ళి కథని కె.వి. రెడ్డి మూడు గంటలు ఎలా నడిపారో చెప్పకు. పింగళి నాగేంద్రరావు రాసిన మాటల సంగతి ఎత్తకు. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్ళేలా, ఇప్పటి కంప్యూటర్లేవీ లేనిరోజుల్లో మార్కస్ బార్‌ట్లీ ఎలా చిత్రీకరించారన్నది అసలే వద్దు. అవన్నీ వింటే "మనవాడు కూడా అంత పని చేస్తాడా?" అని అన్నకి అనుమానం వస్తుంది. సంవత్సరాలు చెప్పు, శ్రమ దాచు.

3. అంత కూడా ఓపిక లేదా? పేరొక్కటే తీసుకో. 1951 నాటి మల్లీశ్వరి పేరు 2004లో వాడారు. మాయాబజార్ పేరు 2006లో వాడారు. 1980లో కె. విశ్వనాథ్ తీసిన శంకరాభరణం పేరుతో 2015లో వచ్చింది బీహార్ కిడ్నాపుల కామెడీ. శంకరశాస్త్రి ఊసే లేదు. పోస్టర్ చూసి తంబురా కోసం వచ్చిన పెద్దవాళ్ళు ఇంటర్వెల్‌లో లేచి వెళ్ళిపోయినా టికెట్ డబ్బులు వెనక్కి అడగరు.

4. హక్కుల గురించి వాకబు చేయకు. వాకబు చేస్తే ఓనర్ ఉన్నాడని తెలుస్తుంది. 2007లో రామ్‌గోపాల్ వర్మ షోలేని ‘ఆగ్’ పేరుతో మళ్ళీ తీశారు. గబ్బర్ బబ్బన్ అయ్యాడు. పాతదాంట్లో ఠాకూర్‌కి చేతులు నరికితే, కొత్తదాంట్లో ఇన్‌స్పెక్టర్‌కి వేళ్ళు నరికారు. మార్పంటే ఆ మాత్రం చాలు. ఢిల్లీ హైకోర్టు పది లక్షలు కట్టమని చెప్పేసరికి 2015 వచ్చింది. ఎనిమిదేళ్ళు తమ్ముడూ! కోర్టు ఖర్చులన్నీ నిర్మాతవే అని అగ్రిమెంటు చివర చిన్న అక్షరాల్లో ఒక లైను రాయించి పెట్టుకో.

5. కాలం గురించి బుర్ర పాడుచేసుకోకు. 1973లో జంజీర్ వస్తే, మరుసటి ఏడే ఎన్టీఆర్ దాన్ని నిప్పులాంటి మనిషిగా చేశారు. జనంలో కోపం వేడిగా ఉంది, సినిమా ఆడింది. నలభై ఏళ్ళ తర్వాత, 2013లో అదే కథ రామ్‌చరణ్‌తో తుఫాన్‌గా వచ్చింది, నిలబడలేదు. నువ్వు ఈ రెండో పద్ధతే పట్టు. జనానికి ఇప్పుడు దేనిమీద కోపముందో తెలుసుకోవాలంటే పొద్దున్నే లేచి బయట తిరగాలి. నలభై ఏళ్ళ నాటి కోపం యూట్యూబ్‌లో మంచం మీదికే వస్తుంది.

6. షాట్‌కి షాట్ దించెయ్. 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ని 1998లో గస్ వాన్ సాంట్ అలాగే దించాడు. కాకపోతే పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాసేవాడు హాల్‌టికెట్ నంబర్ కూడా దించకూడదు కదా. అందుకని హీరోకి ఒక బైక్, ఒక రీమిక్స్ పాట కలుపు. సినిమా ముందుగా హాస్టల్ రూమ్‌మేట్స్‌కే చూపించు. వాళ్ళకి మిర్చీబజ్జీలు నువ్వే కొనిపెడతావు కాబట్టి బాగుందనే అంటారు.

7. పోలికకి భయపడకు, దాని మీదే సంపాదించు. ఇది నాకు ప్రాణప్రదమైన చిట్కా. 1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ దేవదాసుగా నటించారు. అదే సమయంలో 1953 నాటి అక్కినేని, సావిత్రిల దేవదాసుని మళ్ళీ విడుదల చేశారు. కొత్తది తేలిపోయింది, పాతదానికి జనం బారులు కట్టారు. దీన్ని ఓటమి అనేవాళ్ళకి లెక్కలు రావు. నీ సినిమా వచ్చిన రోజే పాతదాన్ని కొత్తపేటలోనో వనస్థలిపురంలోనో ఒక హాల్లో వేయించు. నీ సినిమా చూసి తిట్టుకుంటూ బయటికొచ్చినవాడు ఉపశమనం కోసం అక్కడికే పరిగెత్తుతాడు. ఆ హాలు లీజు మీ బావమరిది పేరు మీద ఉండాలి. ఈ సంగతి అన్నకి చెప్పాల్సిన పని లేదు.

8. సాకులు విడుదలకి ముందే రాసి జేబులో పెట్టుకో. ఈ తరానికి టేస్ట్ లేదు. రివ్యూలవాళ్ళు పగబట్టారు. పరీక్షల సీజన్. వాన. అన్నిటికంటే గట్టిది: "ఇది రీమేక్ కాదండీ, నివాళి." నివాళి బాగోలేదని అనడానికి ఎవరికీ మనసొప్పదు.

9. మొదటి వారం కలెక్షన్లు అన్న చెవిన పడేలోపే రెండో సినిమాకి అడ్వాన్స్ అడుగు. గుండమ్మ కథ అని చెప్పు. కొత్త తరం హీరోలతో దాన్ని తీస్తారని ఏళ్ళ తరబడి మాటలే తప్ప ఎవరూ తీయలేదు. సూర్యకాంతం లాంటి గుండమ్మ ఎక్కడ దొరుకుతుందని అందరూ అక్కడే ఆగిపోయారు. మనం ఆగొద్దు, గుండమ్మనే తీసేద్దాం. మొదటి సీన్‌లో గోడమీద ఫొటో పెట్టి దండెయ్, మిగతా కథ ఇద్దరు హీరోలు చూసుకుంటారు. అడ్వాన్స్ మాత్రం నగదుగా తీసుకో తమ్ముడూ. చెక్కయితే అన్న మర్నాడే ఆపేయిస్తాడు.