కోతి నిర్దోషి

తొర్రూరులో ఇంటర్నెట్ పోతే మొదటి ముద్దాయి కోతి. విచారణ ఉండదు. "కోతులు వైరు గుంజినట్టున్నయ్" అని ఎవరో ఒకరు అంటారు, అందరూ డాబాల వైపు తలెత్తుతారు, అక్కడ ఎప్పుడూ ఒక కోతి కూర్చునే ఉంటుంది కాబట్టి నేరం రుజువైపోతుంది. కోతి కనపడని పూట రెండో ముద్దాయి జేసీబీ. వరంగల్-ఖమ్మం రోడ్డు మీది ఊరు మాది. నల్లా పైపుకో, మోరీకో ఎక్కడో ఒకచోట తవ్వుతూనే ఉంటారు. జేసీబీ కూడా లేకపోతే మబ్బు. మబ్బు లేకపోతే ఎండ. 2016 అక్టోబర్‌లో వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చాం, 2018లో పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయ్యాం. ఈ ముద్దాయిల జాబితా మాత్రం మారలేదు.

ఆ జాబితాకు ఎన్నడూ ఎక్కని పేరు ఒకటుంది: కంప్యూటర్‌ను కాపాడతానని రాత్రికి రాత్రి దిగే భద్రతా అప్‌డేట్. కాపాడటానికి వచ్చినదాన్ని అనుమానించడం మనకు మర్యాదగా తోచదు. నన్నడిగితే కోతి కన్నా ముందు దాన్నే పిలిచి నిలదీయాలి.

బస్టాండ్ దగ్గర మా బామ్మర్దికి జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. రిటైరైనప్పటి నుంచి నా పొద్దు సగం అక్కడే గడుస్తుంది. పేపరు ఉచితం, చాయ్ ఉచితం, లోకజ్ఞానం ఎవరికి కావలసినంత వాళ్లకు. ఒకరోజు పొద్దున్నే వాడు కంప్యూటర్ తెరిచేసరికి మూలన ఒక డబ్బా పైకి లేచింది. పచ్చటి టిక్కు పెట్టి, "అప్‌డేట్ పూర్తయింది, మీ కంప్యూటర్ ఇప్పుడు సురక్షితంగా ఉంది" అని చెప్పి లోపలికి పోయింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ క్షణం నుంచి ఆ కంప్యూటర్‌కు లోకంతో సంబంధం తెగిపోయింది. దొంగ రావడానికి దారే లేదు. మనం పోవడానికి కూడా లేదు.

దుకాణం ముందు అప్పటికే జనం. పహాణీ కావలసిన కాక ఒకరు, హాల్‌టికెట్టు కోసం వచ్చిన పాలిటెక్నిక్ పిల్ల ఒకతె, హైదరాబాద్ బస్సుకు సీట్లు కావలసిన మొగుడూ పెళ్లాం.

"ఏమైంది పిలగా?"

"నెట్టు వత్తలేదు కాకా."

"కోతులే."

మా బామ్మర్ది గోడకున్న నెట్ డబ్బా చూశాడు. ఫైబర్ తెగితే ఆ డబ్బా మీద ఎర్రలైటు కొట్టుకుంటుంది. ఇక్కడ అన్నీ పచ్చలైట్లే. "ఎర్రలైటు లేదు కాకా, వైరు మంచిగనే ఉన్నది" అన్నాడు. కాక నమ్మలేదు. "కోతి గుంజిన సంగతి లైటుకేం ఎరుక?" అన్నాడు. జవాబు చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేకపోయారు.

తర్వాత అందరూ ఒక్క గొంతుతో చెప్పిన మందు: "బంజేసి చాల్ జెయ్." టీవీకి, మోటారు స్టార్టరుకు, ఫోనుకు, ఒక్కోసారి మనుషులకు కూడా మా దిక్కు ఇదే మందు. దీన్ని చూసి నవ్వే చదువుకున్నవాళ్లకు ఒక మాట. 2016 డిసెంబర్ మొదట్లో విండోస్ 10 వాడేవాళ్లలో చాలామందికి, ముఖ్యంగా బ్రిటన్‌లో, ఉన్నట్టుండి నెట్ పోయింది. కారణం, కంప్యూటర్‌కు నెట్‌లో ఒక అడ్రసు దొరకాలి, అది దొరకలేదు. అడ్రసు ఇచ్చేవాడు కానరాకపోతే విండోస్ చేతులు ముడుచుకుని కూర్చోదు; 169.254తో మొదలయ్యే అడ్రసు ఒకటి తనకు తానే రాసుకుంటుంది, పట్టా చేతికి రాని రైతు విసుగెత్తి హద్దురాళ్లు తానే పాతుకున్నట్టు. రాళ్లు పాతితే పట్టా రాదు, ఆ అడ్రసుతో ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు. అప్పుడు మైక్రోసాఫ్ట్ తన సహాయపు పేజీ నెత్తిన పెద్దగా రాసి పెట్టిన సలహా ఏమిటనుకున్నారు? కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. మా కాక చెప్పిందే, ఇంగ్లీషులో.

అయితే అందులో ఒక మెలిక ఉంది, మైక్రోసాఫ్ట్ అది కూడా చెప్పింది: రీస్టార్టే చేయాలి, షట్‌డౌన్ పనికిరాదు. మనమేమో ఉల్టాగా అనుకుంటాం. పూర్తిగా బంద్ చేసి, కొంచెం సేపు ఊపిరి పీల్చుకోనిచ్చి, మళ్లీ చాలు చేస్తే గట్టి వైద్యం అని మన లెక్క. విండోస్ 8 నుంచి కథ మారింది. తొందరగా తెరుచుకోవాలని, షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని డిస్క్‌లో దాచుకుని, పొద్దున్నే అదే బయటికి తీస్తుంది. నిన్నటి రోగం ఇవాళ్టికి భద్రంగా వస్తుందన్నమాట. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ కడిగేసి కొత్తగా మొదలవుతుంది. మా బామ్మర్దికి ఇది చెబితే, "షట్‌డౌన్ అంటె బంద్ కాదా బావా? మరి దేనికి పెట్టిన్రు ఆ బటను?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

రీస్టార్ట్ చేశాం. ఏమీ కాలేదు. కింద మూలన నెట్ లేదని చెప్పే గోళం బొమ్మ అలాగే ఉంది. ఆ గోళం వెనక ఒక తమాషా ఉంది. నెట్ ఉందా లేదా తేల్చుకోవడానికి విండోస్ ఒక చిన్న ఫైలును తెచ్చి చూస్తుంది. అందులో ఉండేవి "మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్" అనే మూడు ముక్కలు. అవి చేతికందితే నెట్ ఉన్నట్టు. అందకపోతే గోళం.

బస్సు సీట్ల ఆయన తన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చాడు. దానిమీదా రాలేదు. పక్కనున్నాయన, "మీది పాత సిమ్ము, నాది ఫైవ్‌జీ" అని తనది ఇచ్చాడు. దానిమీద కూడా రాలేదు కానీ, ఇద్దరి మధ్య ఏ కంపెనీకి టవర్ దగ్గర అనే చర్చ మొదలై చాలాసేపు నడిచింది.

ఇక కస్టమర్ కేర్. పొద్దున ఆ పచ్చటి టిక్కు పెట్టిన రక్షణ సాఫ్ట్‌వేర్‌ను అమ్మిన కంపెనీ అది, పేరు ఎందుకులెండి. తెలుగు కోసం రెండు నొక్కాం, హిందీ వచ్చింది. మళ్లీ నొక్కితే ఒకమ్మాయి పలికింది, మర్యాదకు లోటు లేదు.

"మీ సమస్యకు పరిష్కారం మీ మెయిల్‌కు పంపించాం సార్. లింక్ ఓపెన్ చేసి డౌన్‌లోడ్ చేసుకోండి."

"నెట్టు లేదమ్మా. అదే కదా సమస్య."

"అర్థమైంది సార్. లింక్ ఇరవై నాలుగు గంటలు పనిచేస్తుంది సార్. ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

పోతన పుట్టిన బమ్మెర మాకు దగ్గరే. గజేంద్రుడు మొర పెట్టుకుంటే విష్ణుమూర్తి శంఖచక్రాలు కూడా పుచ్చుకోకుండా, లక్ష్మీదేవికి ఒక్క మాటైనా చెప్పకుండా ఉన్నపళాన బయల్దేరాడని చిన్నప్పుడు బడిలో చదివినప్పుడు అందులో పెద్ద విశేషం కనపడలేదు. ఫోన్ పెట్టేశాక కనపడింది.

అప్పుడు ఆ పాలిటెక్నిక్ పిల్ల ముందుకొచ్చింది. "అంకుల్, ఇదే వైఫై మీద మీ ఫోన్ల వాట్సాప్ వస్తాందా?" వస్తోంది. "మరైతె లైన్ది తప్పు కాదు." ఒక్క ప్రశ్నతో కోతి, జేసీబీ, మబ్బు, ఎండ అందరూ విడుదల. తర్వాత ఒక నల్ల కిటికీ తెరిచింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కనపడగానే జనం రెండడుగులు వెనక్కి జరిగారు. సినిమాల పుణ్యమా అని బ్యాంకులు దోచేది అందులోనే అని అందరికీ తెలుసు. ఆమె పింగ్ అని కొట్టి 8.8.8.8 అనే నంబరును పలకరించింది. గూగుల్ వాళ్ల సర్వర్ అది. ఠకఠకా జవాబులొచ్చాయి. నంబరు బదులు ఒక వెబ్‌సైటు పేరు కొట్టింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. "దారి ఉన్నది అంకుల్. పేరే దొరుకుతలేదు" అంది. రక్షణ సాఫ్ట్‌వేర్‌ను ఒక్క నిమిషం ఆపమంది. ఆపగానే నెట్ వచ్చింది, దానితోపాటు కస్టమర్ కేర్ అమ్మాయి పంపిన మెయిలూ వచ్చింది. లింక్ నొక్కితే, రాత్రి వచ్చిన అప్‌డేట్‌ను సరిచేసే మరో అప్‌డేట్ దిగింది. కాకకు పహాణీ దొరికింది. పోతూ పోతూ డాబా వైపు ఒకసారి చూసి, "అయినా వాటిని నమ్మేదానికి లేదు" అన్నాడు.

ఇది మా ఊరి వింత కాదు. దీనికి పెద్దన్న 2008 జూలై 8న జరిగింది. మనం కొట్టేది పేరు, కంప్యూటర్ వెళ్లాల్సింది నంబరు దగ్గరికి. పేరు చెబితే నంబరు చెప్పే ఏర్పాటును డీఎన్ఎస్ అంటారు. అసలు జవాబు కన్నా ముందు దొంగ జవాబు అందించి మనుషుల్ని వేరే చోటికి మళ్లించే వీలు అందులో ఉందని డాన్ కామిన్స్కీ అనే అమెరికన్ కనిపెట్టాడు. కంపెనీలన్నీ గుట్టుగా కూడబలుక్కుని ఒకే రోజు మందు విడుదల చేశాయి. ఆ మందేమిటంటే, ప్రశ్న కంప్యూటర్‌లోని ఏ పోర్టు (గుమ్మం) నుంచి బయల్దేరుతుందో దొంగ ఊహించలేకుండా ప్రతిసారీ పోర్టు మార్చడం. మైక్రోసాఫ్ట్ తన వంతుగా కేబీ951748 అనే అప్‌డేట్ ఇచ్చింది. అది వేసుకున్నవాళ్లలో జోన్‌అలారం అనే ఫైర్‌వాల్ కూడా ఉన్నవాళ్లకు నెట్ పోయింది. ఎప్పుడూ లేని పోర్టుల నుంచి ప్రశ్నలు పోతుంటే ఆ ఫైర్‌వాల్‌కు అనుమానం వచ్చి అన్నిటినీ ఆపేసింది. సరిచేసిన వెర్షన్ వచ్చేదాకా జోన్‌అలారం వాళ్లిచ్చిన సలహా: భద్రతను హై నుంచి మీడియంకు దించండి, లేదా ఆ అప్‌డేట్ తీసేయండి. ఒక భద్రత పోయి ఇంకో భద్రతను పట్టుకుంది. ఈ గొడవ మొత్తంలో దొంగ ఎక్కడా లేడు.

2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే యాంటీవైరస్ ఇంకో అడుగు ముందుకేసింది. విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైలైన ఎస్‌వీసీహోస్ట్‌నే వైరస్ అని పట్టి బంధించింది. కంప్యూటర్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ కావడం మొదలుపెట్టాయి, నెట్ పోయింది; బాగు చేసేవాళ్లు ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ నడిచి వెళ్లారు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ వంతు. మన టైములో పొద్దున 9:39కి వదిలిన ఒక ఫైలును 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్య 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకుని పడుకున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు.

మందు ఎప్పుడూ నెట్‌లోనే ఉండటం ఈ కథలన్నిటికీ ఉన్న జాడ్యం. 2020 మార్చి 30న, మనం లాక్‌డౌన్‌లో కూర్చున్నప్పుడు, ఆఫీసు పనికి ఎక్కువగా అవసరమయ్యే వీపీఎన్, ప్రాక్సీ వాడే కొన్ని విండోస్ కంప్యూటర్లకు నెట్ అందకుండా చేసిన అప్‌డేట్ చిక్కును సరిచేస్తూ మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇచ్చింది. అది తెచ్చుకోవాల్సింది ఎక్కడి నుంచి? నెట్ నుంచి. హైదరాబాద్ నుంచి ఊళ్లకు చేరి సిగ్నల్ కోసం డాబా ఎక్కి, చెట్టు కింద కుర్చీ వేసుకుని ఆఫీసు పని చేసిన పిల్లలు అప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఇక వారం సంగతి. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి నెలకోసారి భద్రతా అప్‌డేట్లు వదిలే రోజు రెండో మంగళవారం. మంగళవారం మా దిక్కు మంగలి దుకాణం కూడా తెరవరు. కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. అలాంటి రోజు ఏరికోరి ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటి జుట్టూ పట్టుకుంటారు! అవి వదిలే వేళ, అమెరికా పడమటి తీరంలో పొద్దున పది, అంటే మనకు రాత్రి పదిన్నరో పదకొండున్నరో. వాళ్ల మంగళవారం చేసిన పని మనకు బుధవారం పొద్దున దుకాణం తెరిచాక తెలుస్తుంది. సత్య నాదెళ్ల 2014లో సీఈవో అయ్యాడు, ఆ అలవాటు ఆయన పెట్టింది కాదు. అయినా హైదరాబాద్‌లో పుట్టినాయనకు ఈ ముక్క తెలియకుండా ఉంటుందా అని మా బామ్మర్ది బాధ.

వాడు నెట్ పోయిన రోజే అన్ని అప్‌డేట్లూ బంద్ పెడతానన్నాడు. వద్దన్నాను. 2017 మే 12న వనాక్రై అనే పురుగు లోకం మీద పడి కంప్యూటర్లకు తాళం వేసి డబ్బులడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కాయి. దానికి అడ్డుపడే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చి 14నే వచ్చి ఉంది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు. అప్‌డేట్ నెట్ ఆపితే ఒక పూట పోతుంది. అప్‌డేట్‌నే ఆపేస్తే పోయేది పూటతో తేలదు.

పక్క దుకాణం ఆయన మాత్రం ఈమధ్య హుషారుగా ఉన్నాడు. "మాది విండోస్ 10. ఇగ దానికి అప్‌డేట్లే రావంట, పీడ పోయింది" అంటున్నాడు. పీడ పోలేదు, మొదలైంది. విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విడిగా నమోదు చేసుకున్నవాళ్లకు ఇంకో ఏడాది గడువిచ్చారు. మీ ఇంట్లోదీ అదే అయితే సంతోషించకుండా ఎవరికైనా చూపించండి. అన్నట్టు, ఆ అక్టోబర్ 14 కూడా మంగళవారమే.