డెక్కు పర్మిట్టు: టీకాతాత్పర్య విశేష సహితము

మూలము

దరఖాస్తు అసంపూర్ణము. రెయిలింగు వివరములు కోడు ననుసరించి లేవు. సవరించి మరల సమర్పించుడు.

అవతారిక

అమెరికాలో మేముండే కౌంటీ పర్మిట్ల ఆఫీసువారిని, ఇంటి వెనకాల చెక్క డెక్కు వేసుకుంటామని అడిగాం. జవాబుగా వెలువడిన ఖండకావ్యమిది. కవి పేరు తెలియదు. సంతకం ఉండాల్సిన చోట రెండు పొడి అక్షరాలున్నాయి. కర్త ఎవరో తెలియని గ్రంథాలకి వ్యాఖ్యలు రాయడం మనకేం కొత్త కాదు గనక పూనుకున్నాను. తెలుగు నాది, గ్రాంథికం మాత్రం వారిదే. ఆ ఆఫీసులో ఇంగ్లిషు కూడా గ్రాంథికంలోనే రాస్తారు.

కావ్యవస్తువు డెక్కు. పొడవు 16 అడుగులు, వెడల్పు 12. వంటింటి వెనక తలుపు తీస్తే నేల నాలుగడుగుల కింద ఉంటుంది. ఇల్లు కట్టినవాడు తలుపైతే పెట్టాడు గాని మెట్లు పెట్టలేదు. ఎవరూ పడిపోకుండా అడ్డంగా ఒక కర్ర కొట్టి తన దారిన పోయాడు. ఇక ప్రయోజనం. గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నగారికి పొద్దున్నే ఎండలో కూర్చుని కాఫీ తాగాలి. అమ్మకి వడియాలు పెట్టుకోవాలి. ప్రయోజనం చెప్పకుండా వ్యాఖ్య మొదలుపెట్టకూడదంటారు కాబట్టి చెప్పాను. దరఖాస్తు ఫారంలో దీనికి గడి లేదు.

ప్రతిపదార్థము

దరఖాస్తు: స్పష్టము. అసంపూర్ణము: స్పష్టము. సవరించి: స్పష్టము.

పాత టీకాలు చదివినవారికి ఈ ‘స్పష్టము’ మహిమ వేరే చెప్పక్కర్లేదు. పసిపిల్లలకి కూడా తెలిసే పద్యానికి సమాసాలు విప్పి, నిఘంటువులు చూపించి, అలంకారం నిర్ణయించి రెండు పేజీలు రాస్తారు. తీరా ఊపిరి తిరగని పద్యం రాగానే ‘అర్థము స్పష్టము’ అని దాటేస్తారు. పరీక్షకి ముందు రాత్రి ఆ చోటు దగ్గర కూలబడని తెలుగు విద్యార్థి లేడు. దీనికి గొప్ప మినహాయింపు మల్లినాథసూరి. మన మెదకు సీమ కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ మహాకావ్యాలకి వ్యాఖ్యలు రాశాడు. రఘువంశానికి సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘానికి సర్వంకష, నైషధానికి జీవాతువు. ఆ పేర్లంటే ఎంత మోజంటే, వేదం వేంకటరాయశాస్త్రిగారు ఆముక్తమాల్యదకి వ్యాఖ్య రాస్తూ దానికీ సంజీవని అనే పెట్టుకున్నారు. చచ్చిన అర్థానికి ప్రాణం పోస్తామని హామీ అన్నమాట. మా కౌంటీవారూ వ్యాఖ్యలే రాస్తారు, కామెంట్లంటారు. నాకొచ్చినదాని పేరు ‘కామెంటు 3’. ఒకటీ రెండూ ఏమయ్యాయో నేటికీ అంతుపట్టలేదు.

మల్లినాథుడి ఒట్టు నేను పెట్టుకోలేదు. ముందే చెప్పేస్తున్నాను.

విశేషములు

మొదట పాఠనిర్ణయం. మూలంలో ‘కోడు’ అంటే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడు. పేరులో ఎంత ఇంటర్నేషనల్ ఉన్నా ప్రధానంగా అమెరికా ఇళ్ళ కోసం పుట్టింది. తొలి ముద్రణ 2000లో. మూడేళ్ళకోసారి కొత్తది వస్తుంది. రాష్ట్రం ఏదో ఒక ముద్రణ పుచ్చుకుని తన సవరణలు చేస్తుంది, కింద కౌంటీ తన వంతు ప్రక్షిప్తాలు చేరుస్తుంది. పక్క కౌంటీలో మిత్రుడికి పాసైన డ్రాయింగు తెచ్చి నకలు దించుకుంటే పాఠభేదం దగ్గర దొరికిపోతాం. బ్రౌను దొరగారు జూలూరి అప్పయ్య వంటి పండితులకి జీతాలిచ్చి కూర్చోబెట్టి, తాళపత్రాలు పోల్చి పాఠాలు తేల్పించాడు. డెక్కులకి అలాంటి దొర ఇంకా పుట్టలేదు.

మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఒక పాఠం స్థిరపడిపోయింది: ‘200 చదరపు అడుగుల లోపైతే పర్మిట్టు అక్కర్లేదండీ, వేసెయ్యండి.’ ఇది శ్లోకంలో మొదటి పాదం మాత్రమే. తక్కిన మూడూ ఎవరూ అప్పజెప్పరు. డెక్కు ఎక్కడా నేల నుంచి 30 అంగుళాలకి మించి లేవకూడదు, ఇంటికి తగిలించి ఉండకూడదు, ఇంట్లోంచి బయటపడడానికి కోడు తప్పనిసరి చేసిన తలుపుకి దారి కాకూడదు. నాలుగు పాదాలూ కలిస్తేనే మినహాయింపు. మా డెక్కు 192 చదరపు అడుగులు కాబట్టి మొదటి పాదం నిక్షేపంగా కుదిరింది. ఎత్తు దగ్గరా, గోడకి బిగించే దగ్గరా గణభంగం.

ఇక అసలు రసవత్తరమైన చోటు. నేల నుంచి 30 అంగుళాలు మించిన చోట రెయిలింగు కావాలి, దాని ఎత్తు కనీసం 36 అంగుళాలుండాలి. బాగానే ఉంది. ఊచకీ ఊచకీ మధ్య ఎంత ఖాళీ? ‘నాలుగంగుళాల లోపు’ అని ఊరుకోవచ్చు. కోడు అలా అనదు. నాలుగంగుళాల వ్యాసం గల గోళం అందులోంచి దూరిపోకూడదు అంటుంది.

ఈ గోళం దగ్గర నేను చాలా సాయంత్రాలు ఆగిపోయాను. ఎవరిదీ గోళం? ఎవరు దొర్లిస్తున్నారు? నిలువు ఊచలు పెట్టేవాడున్నాడు, అడ్డ పట్టీలు పెట్టేవాడున్నాడు, జాలీ కొట్టేవాడున్నాడు, హంసలూ లతలూ పోత పోయించేవాడున్నాడు. ప్రతి ఖాళీకీ పొడవూ వెడల్పూ ఎక్కడ కొలవాలో రాస్తూ పోతే గ్రంథం పెరుగుతుంది. గోళానికి దిక్కుల్లేవు, మూలల్లేవు, ఎటు తిప్పినా అదే కొలత. ఒక్క వాక్యంతో లోకంలోని రెయిలింగులన్నిటికీ లక్షణం చెప్పేశాడు ఆ మహానుభావుడు. సూత్రం అంటే అదీ.

ఇంకా లోతుకి వెళ్తే ధ్వని ఉంది. ఆ వాక్యంలో ఎక్కడా పసిపిల్లల ఊసు లేదు. వాచ్యం గోళం; వ్యంగ్యం పాకే బిడ్డ తల. ఆనందవర్ధనుడు బతికుంటే ధ్వన్యాలోకానికి ఒక అనుబంధం రాసేవాడు. బిడ్డ పడిపోతుందన్న మాట నోటితో అనడానికి మనసొప్పని మనిషి ఎవరో ఆ చోట గోళాన్ని పెట్టి తప్పుకున్నాడని నాకనిపిస్తుంది.

పైగా గోళం ఒకటి కాదు, మూడు. సమతలం మీద 4 అంగుళాలది. మెట్ల పక్క రెయిలింగుకి వచ్చేసరికి 4⅜ అంగుళాలది. మెట్టు, దాని వెనక నిలువు, కింది పట్టీ కలిసే చోట ఏర్పడే త్రికోణానికి 6 అంగుళాలది. మెట్లెక్కగానే బిడ్డ తల అంగుళంలో మూడెనిమిదో వంతు పెరుగుతుందా అని పూర్వపక్షం. పెరగదు, మెట్టు లోతు కనీసం 10 అంగుళాలుండాలి, మెట్టుకి రెండేసి ఊచలతో పని జరిగిపోవాలి, అందుకని ఆ కాస్త సడలింపు అని వడ్రంగుల సిద్ధాంతం. ద్వైతం, విశిష్టాద్వైతం, అద్వైతం అని మూడు ఎందుకున్నాయో ఇంత సూటిగా చెప్పినవారు లేరు.

ప్రత్యక్ష ప్రమాణం కూడా చూశాను. పక్కింటివాళ్ళ డెక్కు దగ్గరికి ఫ్రిజ్జులోంచి ఒక బత్తాయి, ఒక పంపరపనస పట్టుకెళ్ళాను. (వారి అనుమతి అడిగాను. ‘ష్యూర్’ అన్నారు. దరఖాస్తు లేదు.) బత్తాయి ఊచల మధ్య నుంచి సులువుగా దూరి అవతలి గడ్డిలో పడింది. పంపరపనస తొక్క నొక్కుకునేంత గట్టిగా నెట్టినా దూరలేదు. వారి డెక్కు కోడు ప్రకారమే ఉంది.

ప్రసంగవశాత్తూ కౌటిల్యుడు. అర్థశాస్త్రం మూడో అధికరణం ధర్మస్థీయం, అందులో ఎనిమిదో అధ్యాయం ఇళ్ళ గురించి. పక్కవాడి స్థలానికి ఎంత ఎడం వదిలి గోడ లేపాలో అక్కడ ఉంది; ఇప్పుడు సెట్‌బ్యాక్ అంటున్నది అదే. నీళ్ళు పోయే దారి ఉంది, తప్పితే జరిమానా ఉంది. పక్కపక్క ఇళ్ళ చూరులకి మధ్య ఎడం నాలుగంగుళాలు, లేదా ఒకదాని మీదికి ఒకటి ఎక్కినా సరే. ఆయన అంగుళం మనదానికన్నా చిన్నదే గాని నాలుగు నాలుగే! నాలుగు అన్న సంఖ్యకీ గృహనిర్మాణానికీ ఏదో పూర్వజన్మ బంధం ఉంది. పర్మిట్టు అక్కర్లేని కట్టడం కూడా ఆయన దగ్గర ఉంది: బాలింత కోసం పది రోజులపాటు చేసే తాత్కాలికపు ఏర్పాటుకి ఈ నియమాల బెడద లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకో మాట. ఇళ్ళవాళ్ళు తమలో తాము ఒప్పుకుంటే ఇష్టం వచ్చినట్టు కట్టుకోవచ్చు, అందరికీ కానిది మానిపించవచ్చు. అంతటి కఠినుడు, పన్ను మీద పన్ను వేసినవాడు, ఇరుగుపొరుగు కూర్చుని మాట్లాడుకుంటారని నమ్మాడు. మా కాలనీ సంఘంవారు డెక్కుకి వేసే రంగు మచ్చు ముక్క అడిగారు.

ఏం చెప్తున్నాను? రెయిలింగు వివరములు.

ఊచల మధ్య ఎడం మూడున్నర అంగుళాలని రాశాను. ఎత్తు 36 అని రాశాను. గోళాలు మూడూ గీశాను. అయినా కోడు ననుసరించి లేవట. ఏది లేదో మూలం చెప్పదు. ఫోను చేసి చాలాసేపు సంగీతం విన్నాక ఒకాయన పలికాడు. మర్యాదస్తుడు, నిమిషంలో తేల్చేశాడు: రెయిలింగు స్తంభాలు కింద చట్రానికి ఏ బోల్టులతో ఎలా బిగిస్తారో బొమ్మ లేదు, పైకమ్మి బయటికి తోసినా 200 పౌన్ల బలానికి ఆగాలి కదా, అది ఆగేది ఆ బిగింపు దగ్గరే. నిజమే. చాలా మంచి మాట. ఆ మంచి మాట కామెంటులో రాసి ఉంటే ఏం పోయేది? బొమ్మ గీసి పంపాను. మళ్ళీ వరసలో చివరికి వెళ్ళి నిలబడ్డాను. ఈసారి జవాబు: దరఖాస్తు అసంపూర్ణము, గుంతల లోతు చూపలేదు. చలికాలంలో నేల గడ్డకట్టే లోతుకన్నా కిందికి గుంత దిగాలి, లేకపోతే మంచు స్తంభాన్ని ఎత్తిపడేస్తుంది. ఇదీ నిజమే. కానీ గుంతలు కొత్తగా రాలేదు. మొదటిసారి పంపిన కాగితంలోనే, రెయిలింగు బొమ్మకి బెత్తెడు కింద ఉన్నాయి. అప్పుడు కనబడనివి ఇప్పుడెలా కనబడ్డాయి?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది: ‘నియమాలు ప్రాణాలు కాపాడతాయి, విసుక్కోకూడదు.’ ఒప్పుకుంటున్నాను. 2003 జూన్ 29న షికాగోలో జనం నిండిన చెక్క పోర్చీ కూలి 13 మంది చచ్చిపోయారు. డెక్కులు ఎక్కువగా ఊడేది ఇంటి గోడకి అంటించే దూలం దగ్గర; బోల్టులు వేయాల్సిన చోట మేకులు కొట్టి ఊరుకుంటారు. మన ఇళ్ళల్లో సత్యనారాయణ వ్రతానికి అరవైమందిని పిలుస్తాం, భోజనాలు డెక్కు మీదే. కాబట్టి ఒక్క నియమాన్నీ తీసెయ్యమనను. గోళాన్ని ముట్టుకుంటే నేనే ఊరుకోను. నా గొడవ నియమంతో కాదు. తప్పు తెలిసి కూడా ‘స్పష్టము’ అని దాటేసే టీకాకారుడితో.

తాత్పర్యము

అధికారి ధర్మాలు కూడా ఆ కోడు మొదటి అధ్యాయంలోనే ఉన్నాయి. దరఖాస్తు అందాక ‘సముచితమైన వ్యవధి’లో పరిశీలించాలి. నియమాలకి కుదరకపోతే, కారణాలు చెబుతూ రాతపూర్వకంగా తిరస్కరించాలి. నా ధర్మాలు మాత్రం అంకెల్లో ఉన్నాయి. దాఖలు చేసిన 180 రోజుల్లో శ్రద్ధగా వెంటపడకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే. పర్మిట్టు వచ్చాక 180 రోజుల్లో పని మొదలెట్టకపోతే అది చెల్లదు. నాకు రోజులు, వారికి విశేషణం.

సందర్శకుల వీసా మీద వచ్చే తల్లిదండ్రులకి మామూలుగా ఇచ్చే గడువు కూడా ఆర్నెల్లే. మావాళ్ళు వచ్చారు, ఉన్నారు, వెళ్ళారు. నాన్నగారు రోజూ గ్యారేజీ తలుపు ఎత్తించుకుని, కారు పక్కన కుర్చీ వేసుకుని కాఫీ తాగారు. అమ్మ వడియాలు కారు బానెట్టు మీద గుడ్డ పరిచి ఆరబెట్టింది. వంటింటి తలుపుకి కర్ర అలాగే ఉంది.

‘కారణాలు’ అని కోడు బహువచనం వేసింది. సంస్కృతమైతే ద్వివచనం వేరే ఉంది గనక మూడైనా ఉండాలని మల్లినాథుడు పట్టుబట్టేవాడు. ఇంగ్లిషే గనక రెండుతో సరిపెట్టుకుంటాను. వారు రాసింది ఒకటి.

రెండక్షరాల సంతకం గల అయ్యగారూ! నా డ్రాయింగు మొత్తం ఒకే కాగితం. ఈసారి చేతిలోకి తీసుకున్నప్పుడు అడుగు దాకా చూడండి. ఎన్ని తప్పులుంటే అన్నీ ఒక్కసారే రాయండి, ఒక్కటీ వాదించకుండా దిద్దుతాను. మేకులు కొట్టనని ఇప్పుడే మాటిస్తున్నాను. మావాళ్ళు ఏప్రిల్లో మళ్ళీ వస్తున్నారు.