ఇస్తిమారాలో ఎరుపు

సౌదీలో కారుకి ఇంజన్ ముసలిదవదు, మొహం ముసలిదవుతుంది. మా జుబైల్ పార్కింగుల్లో మూడు లక్షల కిలోమీటర్లు దాటిన కొరొల్లాలు ఇప్పటికీ తాళం తిప్పగానే స్టార్టవుతాయి. పైకి చూస్తే మాత్రం టాపంతా పొలుసులు, బంపరు బూడిద, హెడ్‌లైట్లకి కామెర్లు. ఆఫీసులో నీడనిచ్చే షెడ్లు ఉన్నాయి కానీ అవి మేనేజర్లవి. మూడేళ్లకోసారి కారు మార్చే వాళ్ల బండ్లకి నీడ, ముప్పయ్యేళ్లు నడపాలనుకునే వాళ్ల బండ్లకి ఎండ.

నా కారు ఇస్తిమారాలో, అంటే ఇక్కడి ఆర్‌సీలో, రంగు ఎరుపని రాసి ఉంది. కారు మీదున్నది గులాబీకీ ఇటుకకీ మధ్య ఏదో. రంగు మార్చాలంటే ట్రాఫిక్ శాఖ అనుమతి కావాలి. ఎండ ఎవర్నీ అడగలేదు, మార్చేసింది. ఎరుపుకే ఈ గతి ఎందుకంటే, అది ఎర్రటి వెలుగుని వదిలేసి, నీలం వైపున్న ఘాటు కిరణాల్ని తను మింగుతుంది. మింగింది అరక్క రంగులోని అణువులు తెగిపోతాయి. తెల్ల కారు వచ్చిన వెలుగులో చాలా భాగాన్ని తిప్పికొట్టి హాయిగా ఉంటుంది. గల్ఫులో ఎటు చూసినా తెల్ల కార్లే ఉండడం ఊరికే కాదు.

నిజానికి రంగు వెలిసే విషయంలో ప్రభుత్వానికి పట్టింపు లేదు. ఏటా ఫహస్‌కి, అంటే బండి తనిఖీకి, వెళ్తే బ్రేకులు చూస్తారు, పొగ చూస్తారు, లైట్లు చూస్తారు, ముందు అద్దం పగిలితే వెనక్కి పంపుతారు. రంగు వెలిసిందని ఎవర్నీ పంపించగా నేను చూడలేదు. అసలైన ఫహస్ చలికాలంలో ఉంటుంది. ఊరి బయట విడిది, ఇక్కడి మాటలో ఇస్తిరాహా, అద్దెకి తీసుకుని మనవాళ్లు వనభోజనాలు పెట్టుకుంటారు చూడండి, అక్కడి పార్కింగులో. పులిహోర గిన్నె దించుతూనే పెద్దాయన ఒకరు నా టాపు మీద చూపుడువేలు రాసి, వేలు చూసుకుని, "ఏం బాబూ, ఉద్యోగం బానే ఉందా?" అంటారు. ఆ ప్రశ్నకి జవాబు లేదు. మా ఆవిడ ఇంకో అడుగు ముందుకేసింది. "మీకూ కారుకీ ఒకే ఏడు మొదలైందండీ, అదీ సరిగ్గా నడినెత్తిన" అంది, అందరూ వినేట్టు.

ఇక సలహాలు. బంపర్లూ అద్దాల కింది పట్టీలూ చేసేది నల్ల ప్లాస్టిక్కుతో. ఎండకి దాని పైపొర చెడి సుద్దలా తేలుతుంది, అందుకే బూడిద. కొబ్బరినూనె రాయమన్నాడు మా పక్క ఫ్లాట్ రాజమండ్రి బావగారు. పొద్దున రాస్తే నిజంగానే నిగనిగలాడింది. మధ్యాహ్నం ఇసుక మోసుకొచ్చే షమాల్ గాలి లేచింది. సాయంత్రానికి బంపరు నలుపూ కాదు, బూడిదా కాదు, రుబ్ అల్ ఖాలీ ఎడారి. ఇంకొకాయన వేరుశనగ వెన్న అన్నాడు. అందులోనూ పనిచేసేది నూనే, వేరుశనగ వేస్టు. హీట్ గన్ అయితే ఉన్నంతలో మేలు. వేడి గాలి తగిలిన చోట నలుపు కళ్లముందే తిరిగొస్తుంది, చూడ్డానికి భలే ఉంటుంది. కానీ అది కొన్ని నెలల ముచ్చటే. పదే పదే చేస్తే పని చేయదు, ఒకేచోట ఆపితే ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది. నిలిచేది ఒకటే. సబ్బుతో మురికంతా వదలగొట్టి, ఆరబెట్టి, దానికోసమే అమ్మే నల్ల కోటింగు పట్టించడం. ఇంత సాదా సలహా మన ఇస్తిరాహాలో ఎవరూ ఇవ్వరు.

టాపు సంగతి తేల్చుకోడానికి వర్క్‌షాపులుండే సనాయాకి వెళ్లాను. పెయింటర్ పెషావర్ మనిషి. మాట్లాడకుండా గోరుతో ఓ పొలుసు లేపాడు. అది అగ్గిపెట్టెంత ముక్కగా లేచొచ్చింది, అవతలి వెలుగు కనిపించేంత పల్చగా. దాన్ని నా అరచేతిలో పెట్టి "ఖలాస్" అన్నాడు. ఆ ముక్క పేరు క్లియర్ కోట్. రంగు మీద కాపలాగా వేసే ఈ పారదర్శకమైన పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే మన వెంట్రుక కన్నా సన్నం. పాలిష్ చేయడమంటే ఇందులోంచే రెండు మూడు మైక్రాన్లు అరగదీసి మెరుపు తేవడం. పొరే పోయిన చోట అరగదీస్తే పోయేది రంగు. కాబట్టి బానెట్టుకీ తలుపులకీ పాలిష్, టాపుకి కొత్త పెయింటు. తలుపు మీదున్న సొట్ట కూడా తీసెయ్యమంటే మాత్రం చేతులెత్తేశాడు. గుద్దిన గుర్తుంటే రిపేరు అనుమతి కాగితం లేనిదే వర్క్‌షాపువాళ్లు ముట్టుకోరు. "ఎండ కొట్టినదానికి కాగితం అక్కర్లేదా?" అని అడిగాను. "ఎండ మీద కేసు పెడితే ఈ ఊళ్లో అందరూ పెట్టాలి" అన్నాడు ఉర్దూలో.

టాపు అక్కడ అయ్యింది, మిగతాది నా వంతు. పాలిష్ పగలు చేయకూడదు. వేడెక్కిన రేకు మీద పాలిష్ కాంపౌండ్ ఎండి అతుక్కుపోతుంది. అందుకని రాత్రి ఇషా నమాజు తర్వాత బిల్డింగు కింద ట్యూబులైటు వెలుగులో మొదలు. ముందు నీళ్లు ధారాళంగా పోయాలి. పొడి గుడ్డతో ఇసుక తుడవడమే ఇక్కడి కార్ల ఒంటినిండా సాలెగూళ్ల గీతలకి మూలం. తర్వాత ప్లాస్టిక్ పట్టీలకి టేపు. ఓచోట టేపు లేచి, నల్ల పట్టీ గరుకులోకి కాంపౌండ్ దూరి తెల్లమచ్చలు పడ్డాయి. ఏ షాంపూకీ లొంగలేదు. మా అమ్మాయి కంపాస్ బాక్సులోని రబ్బరు పెట్టి రుద్దితే పెన్సిల్ గీతలు పోయినట్టే పోయింది. "నాన్నా, నా రబ్బరు నల్లగా అయిపోయింది" అని అది ఏడుస్తుంటే, వాళ్లమ్మ "ఊరుకో తల్లీ, నాన్న కారుకి హోంవర్కు చేస్తున్నారు" అంది.

కారు మెరిసింది. తలుపు మీద నా మొహం కనపడేంత మెరిసింది. అది కారుకి ప్లస్సో మైనస్సో చెప్పలేను. ఆ ఏడాది వనభోజనాల్లో పెద్దాయన వేలు రాసి, వేలు చూసుకుని, ఏమీ అనలేక వంకాయ కూర వైపు నడిచారు. నేను వడ్డనలో ఉండగా జగిత్యాల తమ్ముడొకడు, సెకండ్ హ్యాండ్ బండి కోసం వెతుకుతున్నవాడు, కారు చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చాడు. ఇక్కడి హరాజ్, అంటే పాత కార్ల వేలం, లెక్కలు వాడికి బాగా తెలుసు. కంపెనీ రంగు మీదున్న బండికో ధర, మళ్లీ పెయింటు కొట్టిన బండికి ఇంకో ధర.

"అన్నా, టాపుకు రంగేయించినవా?"

"ఆఁ. ఎలా ఉంది?"

"మస్తుగున్నది. మరి బోల్తా కొట్టిందా ఏంది?"

"లేదురా, ఎండకి పోతే వేయించా."

"అందరు గట్లనే అంటరే అన్నా." టాపుని వేలి కణుపుతో టక్కుటక్కుమనిపించి చెవి పెట్టి విన్నాడు. "పొలుసులు లేసినప్పుడే అడిగితే బాగుండు. గప్పుడైతే ఇంకో వెయ్యి రియాళ్లు ఎక్కువిస్తుంటి."