గేటు లోపల ఇంగ్లండ్

హైదరాబాద్ పడమటి శివార్లలో విల్లా కొన్నవాళ్లింట్లో గృహప్రవేశం కన్నా ముందు ల్యాండ్‌స్కేప్ డిజైనర్ ప్రవేశం జరుగుతుంది. ఆయన ల్యాప్‌టాప్‌లో బొమ్మ ఒకటే: వంకర్లు తిరిగిన మడి, వెనక ఎత్తు మొక్కలు, ముందు పొట్టివి, నడుమ నీలంగా లావెండర్. పేరు మిక్స్‌డ్ బోర్డర్. ‘ఇంగ్లిష్ లుక్ సార్’ అంటాడు. లుక్ అన్నాక ఇక బేరమేముంది?

ఆ లుక్‌కి మూలపుటమ్మ గెర్ట్రూడ్ జీకిల్. లండన్‌కి దక్షిణాన సర్రేలో, మన్‌స్టెడ్ వుడ్ అనే తన ఇంట 200 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున మడి వేశారు. చూపు మందగించిన చిత్రకారిణి, రంగుల లెక్కంతా మొక్కల్లోకి మార్చారు. కొసల్లో బూడిదరంగు ఆకులు, నీలాలు. మధ్యకొచ్చేసరికి నారింజ, ఎరుపు. ఒకటి వాడేలోపు పక్కది పూయాలి. 1908లో దాని మీద పుస్తకమే రాశారు. మహాతల్లే, కాదనను. కానీ ఆవిడ తోట మీద ఏటా 42 డిగ్రీల ఎండ కాయలేదు, ఆవిడ గేటు ముందు నీళ్ల ట్యాంకర్ ఆగలేదు.

మనకి ఆ రెండు భాగ్యాలూ ఉన్నాయి కనుక లావెండర్ ఉగాది పచ్చడి తిని సెలవు తీసుకుంటుంది. అప్పుడు డిజైనర్ అసలు సరుకు దించుతాడు: గోల్డెన్ డ్యురాంటా, ఎర్ర అకాలిఫా, అరీకా పామ్, తెల్ల గులకరాళ్లు. ఎదురింట్లో అవే, పక్కింట్లో అవే. డెలివరీ కుర్రాళ్లు నంబరు చూస్తే తప్ప ఇల్లు పోల్చుకోలేరు. డ్యురాంటాకి ఊదా పూలు పూస్తాయనీ, వాటికి సీతాకోకచిలుకలు వస్తాయనీ యజమానికి తెలిసే అవకాశం లేదు. చిగురేస్తే చాలు కత్తెర పడుతుంటే మొగ్గ తొడిగే తీరిక దానికెక్కడిది? మడిలో పువ్వు పూయకుండా కాపలా కాయడానికి నెల జీతం మీద మాలి! దీనికి ముద్దుపేరు ‘లో మెయింటెనెన్స్’.

ఇంతలో యజమాని తల్లిగారు ఊరినుంచి సంచిలో కనకాంబరం నారు, మరువం కొమ్మలు తెస్తారు. ‘థీమ్ పాడవుతుందమ్మా’ అంటాడు డిజైనర్ వినయంగా. అవి వెనక్కి, వాషింగ్ మెషిన్ పక్కకి పోతాయి. ఆవిడ ఊళ్లో వాకిలి సంగతి ఆయనకేం తెలుసు? గోడవారన పారిజాతం, దాని ముందు మందార, నందివర్ధనం, అంచున మరువం. ఎండాకాలం మల్లె, దసరాకి బంతి, కార్తీకానికి చామంతి, చలికి డిసెంబరాలు, నడుమ ఖాళీ రాకుండా కనకాంబరం. వెనక ఎత్తు, ముందు పొట్టి, ఒకటి వాడేలోపు ఇంకొకటి. డిజైన్ ఫీజు లేదు. ఎరువంటారా, బియ్యం కడిగిన నీళ్లు. (మధ్యలో కరివేపాకు చెట్టు దూరడం మాత్రం జీకిల్ గారు ఒప్పుకునేవారు కాదేమో.)

నందివర్ధనం దొరకదని కాదు. డ్యురాంటా దొరికే కడియం నర్సరీల్లోనే అదీ దొరుకుతుంది. చవగ్గా దొరకడమే దాని నేరం. అతిథి ‘ఇదేం మొక్క?’ అని అడగడు, యజమానికి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక శుక్రవారం పూజకి పూలంటారా? యాప్ ఉంది. పావుకిలో బంతి ప్లాస్టిక్ సంచిలో గేటు దాకా వస్తుంది. డ్యురాంటా తడవకుండా పక్కన పెట్టమని సెక్యూరిటీకి చెబితే సరి.